తలకిందుల టమాటాకు టీకా తాత్పర్యం

తే.గీ.
వేరు పైకెక్క, గొమ్మలు వ్రేలుచుండ,
బకెటు గర్భాన వెలసిన భాగ్యరాశి!
నగరి యా యరోరాయందు నవ్వులీను
తలను క్రిందికి వాల్చిన తపసివీవె!

అవతారిక: ఇల్లినాయ్ రాష్ట్రం, అరోరా పట్టణం. అపార్ట్‌మెంటు రెండో అంతస్తు బాల్కనీ. గృహస్థుకు సెంటు నేల లేదు, టమాటా పప్పు మీద మమకారం మాత్రం మెండు. అతడు కొక్కేనికి వేలాడదీసిన బకెట్టును చూసి కవి ఆశువుగా చెప్పిన పద్యమిది.

ప్రతిపదార్థం: వేరు పైకెక్కన్ = వేళ్లు పైనుండగా; కొమ్మలు వ్రేలుచుండన్ = కొమ్మలు కిందికి వేలాడుతుండగా; బకెటు గర్భానన్ = అడుగున రెండంగుళాల చిల్లి పెట్టిన అయిదు గాలన్ల, అనగా సుమారు 19 లీటర్ల, ప్లాస్టిక్ బకెట్టు కడుపులో; వెలసిన = స్వయంభువుగా కాదు, నారు కొనుక్కొచ్చి, చిల్లిలోంచి దూర్చి, మట్టి జారకుండా స్పాంజి ముక్క చుట్టగా వెలసిన; భాగ్యరాశి = పుట్టెడు కాయలు కాసేదానా (ఇది ఆశ మాత్రమే); నగరి = 1881లోనే వీధులకు విద్యుద్దీపాలు పెట్టుకున్న పట్టణమైన; ఆ అరోరాయందు = ఆ అరోరాలో (కొలరాడోది కాదు, 1986లో బాలాజీ గుడి వెలసినది); నవ్వులీను = పచ్చటి పూలు పూసే; తపసివి = తపస్వివి; ఈవె = నీవే.

తాత్పర్యం: ఓ టమాటా మొక్కా, చోటు లేక మేము నిన్ను తిరగేస్తే, దాన్ని నీ గొప్పతనంగా పొగుడుతున్నాము.

విశేషాలు: గీత పదిహేనో అధ్యాయంలోని అశ్వత్థ వృక్షం ఇక్కడ ధ్వనిస్తోందని కొందరు. దానికీ వేళ్లు పైన, కొమ్మలు కిందనే. అయితే దాన్ని అసంగమనే ఆయుధంతో నరకమని ఉపదేశం. దీన్ని నరికితే ఇంటివారు ఊరుకోరు. పోలిక అంతటితో సరి.

అసలు చిక్కు "తలను క్రిందికి వాల్చిన" అన్నచోట ఉంది. వాల్చింది మొక్కా, మనమా? వేలాడదీసిన కొన్నాళ్లకే కాండం కొస వంపు తిరిగి, ఇంగ్లీషు జె అక్షరంలా ఆకాశం వైపు లేస్తుంది. కణాల్లోని పిండి రేణువులు బరువుకు అడుగుకు దిగి, కింద ఎటో కాండానికి తెలియజేస్తాయి. ఆక్సిన్ అనే హార్మోను కాండం దిగువ పక్కన పోగుపడి ఆ పక్క కణాలను సాగదీస్తుంది. దాంతో కొస పైకి మళ్లుతుంది. మొక్కల ఈ కదలికల మీద డార్విన్ 1880లోనే ఒక పుస్తకం వేశాడు. కనుక ఇది తపస్సు కాదు, నిరసన. కాయలు బరువెక్కాక కొమ్మ మళ్లీ వాలిపోతుంది. కవి వచ్చింది ఆగస్టులో కాబోలు.

పాఠాంతరం: "బకెటు"కు బదులు "సంచి" అని కొన్ని ప్రతుల్లో ఉంది. ఆ మధ్య అమెరికా టీవీ ప్రకటనల్లో హోరెత్తిన టాప్సీ టర్వీ సంచిని తలచుకొని ఎవరో దిద్దినట్టుంది. గణం సరిపోయినా యతి చెడుతుంది. పైగా పాత బకెట్టు ఊరికే వస్తుంది.

పూర్వపక్షం: కర్రలు పాతక్కర్లేదు, కలుపు తీయక్కర్లేదు, కుందేళ్లకు అందదు. ఇక లోపమేమి? సమాధానం: నీళ్లు. అన్ని వైపులా గాలీ ఎండా తగిలే బకెట్టు జులైలో ఒక్క పూటలో ఎండిపోతుంది. ఒకనాడు వరద, ఒకనాడు కరువు అయితే కాయ అడుగు నల్లబడుతుంది. మట్టిలో సున్నం ఎంత ఉన్నా నీళ్ల వెంటే కదా కాయకు చేరాలి! పోసిన నీళ్లలో మిగిలినవి కింది అంతస్తు వారి బాల్కనీలో పడతాయి. వారి విషయంలో కవి మౌనం వహించాడు, వ్యాఖ్యాతా అంతే.

ఫలశ్రుతి: ఆ ప్రాంతంలో మే నడిమిదాకా మంచు భయం, అక్టోబరులో మళ్లీ మంచు. అప్పటికి మొక్కనున్న కాయల్లో చాలా భాగం పచ్చివే. వాటిని ముందురోజే కోసి, నూనెలో మగ్గబెట్టి, వేయించిన పచ్చిమిరపకాయలూ నువ్వులూ చేర్చి రోట్లో నూరవలెను. రోలు లేనిచోట మిక్సీ శాస్త్రసమ్మతమే. వెల్లుల్లి విషయమై వ్యాఖ్యాతలకు ఏకవాక్యత లేదు.