బేయ్స్ పద్ధతితో కోరిన జవాబు రాబట్టే చిట్కాలు

డేటా ఏం చెబితే అదే రాస్తామనేవాళ్లు రాత్రి పదైనా ఆఫీసులోనే ఉంటారు. మీకా ఖర్మ వద్దు. డేటా రాకముందు మీ నమ్మకాన్ని అంకెల్లో పెట్టమంటుంది బేయ్స్ పద్ధతి. దాన్నే ప్రయర్ అంటారు. డేటా వచ్చాక సవరించమంటుంది. మొదటి సగం గట్టిగా పట్టుకోండి, చాలు.

1. జవాబెంత రావాలో మేనేజరుగారిని ముందే అడగండి. కొత్త యాప్‌ను పదిమందికి చూపిస్తే ముగ్గురికే నచ్చిందనుకోండి. ఆయనకేమో తొంభై శాతం కావాలి. కంగారెందుకు? బీటా(90, 10) ప్రయర్ పెట్టేయండి. అంటే వందమందిని అడగకుండానే తొంభైమంది నచ్చిందన్నట్టు. 90కి 3 కలిపితే 93, 100కి 10 కలిపితే 110. భాగించండి, దాదాపు 85 శాతం! తొంభై కాలేదని ఆయన ముఖం మాడ్చుకుంటే బీటా(900, 100) పెట్టండి. అడిగింది పదిమందినేనన్న ముక్క చివరి పేజీలో, చిన్న అక్షరాల్లో ఉండాలి.

2. గిట్టనివాళ్ల వాదనకు ప్రయర్ సున్నా వేయండి. ఇక ఎంత డేటా తెచ్చి పోసినా అది సున్నా దగ్గరే ఉంటుంది. ఇలా చేయొద్దని గణాంక శాస్త్రవేత్త డెన్నిస్ లిండ్లీ పనిగట్టుకుని చెప్పాడు. అంత బాగా పనిచేస్తుందన్నమాట.

3. జబ్బు వెయ్యిమందిలో ఒకరికే ఉందన్న సంగతి దాచండి. పరీక్ష 99 శాతం కచ్చితం అనేసి ఊరుకోండి. లెక్క వేస్తే పాజిటివ్ వచ్చిన పదకొండుమందిలో జబ్బున్నది ఒక్కరికే అని తేలుతుంది. కాబట్టి వేయకండి.

4. "శాంప్లింగ్ నడుస్తోంది" అని చెప్పి టీకి వెళ్లండి. తిరిగొచ్చేసరికి, ఒకే జవాబుకు చేరాల్సిన నాలుగు శాంప్లింగ్ చెయిన్లు నాలుగు దిక్కులకు పోతే, అందంగా ఉన్నదొక్కటి ఉంచి మూడు తీసేయండి.

5. మొదటి స్లైడులో ఎయిర్ ఫ్రాన్స్ 447 కథ పెట్టండి. 2009లో అట్లాంటిక్‌లో కూలిన విమానం, బేయ్స్ లెక్కలతో 2011లో దొరికింది. నీళ్లలోంచి శబ్ద సంకేతాలు పంపాల్సిన బీకన్లు రెండూ పనిచేయలేదేమోనని అనుమానించి, అంతకుముందు విని వదిలేసిన చోటికే మళ్లీ వెళ్లడం వల్ల దొరికిందని మాత్రం అనకండి. మీరూ అనుమానించాలంటారు.

6. ప్రయర్ ఎక్కడిదని నిలదీస్తే "నిపుణుల అభిప్రాయం" అనండి. ఏ నిపుణుడని అడిగేలోపు ఫోను ఎత్తండి.

7. బేయ్స్ 1761లో పోయాడు. ఈ పద్ధతికి మూలమైన ఆయన వ్యాసం మిత్రుడు రిచర్డ్ ప్రైస్ చొరవతో 1763లో వెలుగు చూసింది. దాని గురించి బేయ్స్‌ను ఎవరూ ఒక్క ప్రశ్నా అడగలేకపోయారు. మీ రిపోర్టు కూడా మీరు వేరే కంపెనీలో చేరాకే బయటికొచ్చేలా తేదీ చూసుకోండి.