పేరు వెదురు, ఊరు కామెరూన్

అదృష్టం కలిసిరావాలని హాల్లో ఫెంగ్ షుయ్ వెదురు పెట్టారు.
దాని పుట్టిల్లు చైనా కాదు, మధ్య ఆఫ్రికా.
అసలది వెదురే కాదు, డ్రసీనా జాతి మొక్క.
(అదృష్టాన్ని ఆధార్ కార్డు అడక్కూడదు లెండి.)

రెండు కాడలైతే ప్రేమ, మూడైతే సంతోషం, ఎనిమిదైతే సంపద.
నాలుగు మాత్రం వద్దట. చైనా భాషలో ఆ అంకె ‘చావు’లా వినిపిస్తుందట.
మనకైతే ఆ నలుగురూ వచ్చి మోసేదాకా నాలుగుతో పేచీ లేదు!

వాళ్ల లెక్కలో డబ్బు మూల ఆగ్నేయం.
మన వాస్తు అక్కడ పొయ్యి పెట్టించింది.
దాంతో మనీప్లాంట్ కుక్కర్ పక్కన కూర్చుని ఆవిరి పట్టుకుంటోంది.

పైగా మనీప్లాంట్‌ని కొనకూడదట, కొట్టుకొస్తేనే కలిసొస్తుందట.
పక్కింటావిడ తీగ రోజూ జానెడు తగ్గుతోంది.
ఆవిడా అలా తెచ్చుకున్నదే కాబట్టి కేసు లేదు.

ముళ్ల మొక్క ఇంట్లో ఉంటే గొడవలట.
కాక్టస్‌ని గెంటాలా వద్దా అని మొగుడూ పెళ్లాం మూడు రోజులు పోట్లాడుకున్నారు.

ఇప్పుడు వెదురు ఆకులు పసుపెక్కాయి. ఏ దిక్కుకు మార్చాలని నిపుణుడికి ఫోన్.
అయ్యా, ముందు ఆ సీసాలో నీళ్లు మార్చండి.