గతానికి ఆలస్యంగా వచ్చినవారు

తాను పుట్టకముందే ముగిసిపోయిన కాలంపై బెంగపెట్టుకునే మనిషి ప్రతి సమాజంలోనూ కనిపిస్తాడు. ఘంటసాల 1974లో కన్నుమూసిన తరువాత పుట్టి, ఆ తరువాత తెలుగులో పాటే లేదని ప్రతి పెళ్లిలోనూ తీర్పు చెప్పి, ఎవరైనా ఏమరుపాటున మైకు అందిస్తే ఆఖరి బంతి లేచేదాకా వదలని బంధువు ఈ జాతివాడే. ఇంట్లో గ్రామఫోను లేకపోయినా రికార్డులు కొనడం, వాటిమీద పిల్లల వేలిముద్ర పడితే ఇల్లు పీకి పందిరి వేయడం, కొత్త పాట వింటూ తెలియకుండా తల ఊపి, పట్టుబడగానే మెడనొప్పి అనడం వీరి సామాన్య లక్షణాలు. ఇంగ్లండులో ఈ జాతివారు ఒక్కొక్కప్పుడు మైకుతో సరిపెట్టుకోక బృందమే పెట్టేస్తారు.

2003లో బ్రైటన్ అనే సముద్రతీర నగరంలో, మాన్‌స్టర్ బాబీ అనే మారుపేరు గల సంగీతకారుడి చొరవతో పుట్టిన ‘ది పిపెట్స్’ అటువంటిదే. ముగ్గురు యువతులు గుండ్రటి చుక్కల గౌనులు తొడిగి, చేతులు ఒకే తీరుగా తిప్పుతూ, అమెరికాలో 1963 ప్రాంతంలో రోనెట్స్ వంటి గాయనీ బృందాలు వెలిగించిన బాణీలో పాడేవారు. ఒకే గదిలో అనేక వాద్యాలను కిక్కిరిసి వాయింపజేసి, ప్రతిధ్వని కలిపి దట్టమైన నాదం రాబట్టే ఫిల్ స్పెక్టర్ పద్ధతి వీరికి ఆదర్శం. వెనుక వాయించే మగవారి దళం పేరు ‘ది క్యాసెట్స్’. ఇది కాలవిరుద్ధమని తప్పుపట్టబోయే ఛాందసుడికి నిరాశే మిగులుతుంది, ఎందుకంటే ఫిలిప్స్ సంస్థ క్యాసెట్టును బయటపెట్టినది సరిగ్గా 1963లోనే.

2006లో తొలి ఆల్బమ్ వచ్చింది. అందులోని ‘పుల్ షేప్స్’ బ్రిటన్ పట్టికలో 26వ స్థానం దాకా పోయింది. అనుకరణ అని ఎంత ఈసడించినా, ఆ పాట వింటూ కాలు కదపకుండా కూర్చోవడం కష్టమని ఒప్పుకోక తప్పదు. అయితే కాలాన్ని ఆపాలనుకున్న బృందానికి గాయనులను ఆపుకోవడం సాధ్యం కాలేదు. 2008 నాటికి తొలి ముగ్గురిలో ఒక్కరూ మిగలలేదు, 2005లో చేరిన గ్వెన్నో సాండర్స్ తన చెల్లెలిని తోడు తెచ్చుకుని బండి లాగవలసి వచ్చింది.

గతం విసుగు పుట్టినంత మాత్రాన ఈ జాతి మనిషి వర్తమానంలోకి రాడు. పక్కనున్న మరో గతంలోకి మకాం మారుస్తాడు. హ్యూమన్ లీగ్ బృందానికి 1981లో ‘డేర్’ అనే ఎలక్ట్రానిక్ వాద్యాల ఆల్బమ్ రూపొందించిన మార్టిన్ రషెంట్ చేతిలోనే పిపెట్స్ రెండవ ఆల్బమ్ 2010లో తయారయింది. అంటే నాలుగేళ్లలో 1963 నుంచి 1981కి వచ్చారన్నమాట. ఇదే వేగంతో నడిచి ఉంటే మరో ఎనిమిది తొమ్మిదేళ్లలో తమ కాలాన్ని అందుకునేవారే గాని, 2011లో బృందమే ముగిసింది. ఆ తరువాత గ్వెన్నో గౌనులూ గతమూ విడిచి, యంత్రాలు మనుషులను లోబరుచుకునే భవిష్యత్తు గురించి వెల్ష్ భాషలో ఒక ఆల్బమ్ చేసి బహుమతి కూడా అందుకుంది. ఆ భవిష్యత్తును ఆమె 1976లో అచ్చయిన ఒక నవలలోంచి తెచ్చుకుంది.