ఎదుటివాడికి వెలుగు చూపే విధానం

కారుకి ఎల్‌ఈడీ హెడ్‌లైట్లు పెట్టించాలంటే ముందు కంపెనీ ఇచ్చిన హాలోజెన్ బల్బు పనికిరాదని గట్టిగా నమ్మాలి. ఆ నమ్మకం కుదరడానికి శంషాబాద్ ఔటర్ రింగ్ రోడ్డును మించిన చోటు లేదు. ఎనిమిది వరసల దారి, పొడవునా వీధిదీపాలు, ఎదుటి బండి వెలుగు పడకుండా మధ్యలో పెంచిన పొదలు. అంత వెలుతురులో మీ లైట్లు వెలుగుతున్నాయో లేదో మీకే తెలియదు. ఇంకేం రుజువు కావాలి?

ఈలోగా కొన్ని పనులు పొరపాటున కూడా చేయకండి. ముందద్దం లోపలివైపు తుడవకండి. ఎండకి పసుపెక్కిన హెడ్‌లైట్ కవరుకి పాలిష్ పెట్టించకండి. పాత బండైతే బ్యాటరీ నుంచి రిలేతో విడిగా వైరింగ్ వేయించకండి. పాత బల్బుకే వోల్టేజి సరిగ్గా అంది వెలుగు పెరిగితే, కొత్తది కొనడానికి సాకుండదు. స్టీరింగ్ పక్కన 0 నుంచి 3 దాకా అంకెలున్న చిన్న చక్రం చాలా బళ్ళలో ఉంటుంది. వెనక బరువెక్కి బండి ముక్కు పైకి లేచినప్పుడు దాన్ని తిప్పి వెలుగుని కిందికి దించుకోవాలట. 2008లో విమానాశ్రయం తెరిచిన దగ్గర్నుంచి ఈ దారిలో అర్ధరాత్రి పూట వెళ్ళే బళ్ళలో డిక్కీ నిండా అమెరికా సూట్‌కేసులే, వెనక సీటు నిండా సాగనంపే బంధువులే. ఆ చక్రం తిప్పిన మహానుభావుణ్ణి మాత్రం నేనింకా చూడలేదు.

ఇక రాణీగంజ్‌లోనో, హైవే పక్క షాపులోనో పెట్టె మీద 20,000 ల్యూమెన్లని రాసి ఉన్న బల్బులు తీసుకోండి. మామూలు హెచ్4 హాలోజెన్ బల్బు డిమ్‌లో వెయ్యి, హైబీమ్‌లో 1,650 ల్యూమెన్లు ఇస్తుంది. అట్ట మీద అచ్చేసిన ల్యూమెన్లకి కరెంటు కూడా అక్కర్లేదు.

ఆ పాత బల్బులో డిమ్ తీగ కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది. పైకి ఎగజిమ్మే వెలుగుని అది ఆపుతుంది. అందుకే గోడ మీద వెలుగు గీత గీసినట్టు ఆగి, ఎడమ పక్కన మాత్రం, నడిచేవాళ్ళు కనపడేందుకు, కాస్త పైకి లేస్తుంది. రిఫ్లెక్టర్ వంపంతా ఆ సన్నటి తీగ ఉన్న చోటుని బట్టి లెక్కగట్టిందే. ఎల్‌ఈడీలో తీగ బదులు రెండు పక్కలా చిప్పులుంటాయి. అవి తీగ ఉండాల్సిన చోట లేకపోతే గీత చెదిరి, వెలుగు ఎక్కడపడితే అక్కడ పడుతుంది. షాపు కుర్రాడు బల్బు బిగించి, గోడ మీదికి వేసి, “చూడన్నా, పట్టపగలు లెక్క లేదా!” అంటాడు. ఒప్పుకోండి. గోడకి కళ్ళు లేవు గనక అది కూడా ఒప్పుకుంటుంది. బల్బు వెనక ఫ్యాను అడ్డొచ్చి రబ్బరు మూత పట్టకపోతే తీసి పారేయండి. వానాకాలానికి హెడ్‌లైట్ అక్వేరియంలా తయారవుతుంది.

అసలు పరీక్ష డివైడర్ లేని రోడ్డు మీద. నర్కూడ, అమ్మపల్లి గుడి వైపు చీకటి పడ్డాక వెళ్ళండి. బానెట్ ముందు పది గజాలు తెల్లగా మెరిసిపోతుంది. కన్ను దానికే అలవాటుపడటంతో దూరం మరింత నల్లబడుతుంది. దూరాన ఏముందో తెలియకపోతే బెంగా ఉండదు. ఎదుటివాడు డిప్పర్ కొడితే మెచ్చుకుంటున్నాడని అర్థం. మీరూ హైబీమ్ ఒకసారి చూపించి కృతజ్ఞత తెలపండి.

చట్టం సంగతా? ఎనిమిది మీటర్ల దూరంలో, దీపానికి అర మీటరు కుడిగా, నేల నుంచి మీటరున్నర ఎత్తున ఉన్న కంటికి మిరుమిట్లు రాకూడదని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది చెబుతుంది. బండిని ఇష్టమొచ్చినట్టు మారిస్తే ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. కానీ రోడ్డు మీద టేపు పట్టుకుని నిలబడేదెవరు?

విమానాశ్రయం కంచె అవతల రన్‌వే పక్కన నాలుగు దీపాలుంటాయి. సరైన వాలులో దిగుతున్న పైలట్‌కి రెండు తెల్లగా, రెండు ఎర్రగా కనిపిస్తాయి. మరీ పైనుంటే నాలుగూ తెలుపే, మరీ కిందికి జారితే నాలుగూ ఎరుపే. ఏ వెలుగు ఏ కోణంలో ఎవరి కంట పడాలో అంత నిక్కచ్చి. ఆ గొడవ మనకెందుకు? వాళ్ళు దింపేది విమానాన్ని, మనం దింపేది బావమరిదిని.

తిరుగుదారిలో ఎదురుగా ఇలాంటి బల్బులవాడే తగిలి, కాసేపు రోడ్డు కనపడకపోతే, బుద్ధిలేనివాడని నోరారా తిట్టండి. కళ్ళు తేరుకున్నాక షాపుకి ఫోన్ చేసి, 30,000వి వచ్చాయేమో కనుక్కోండి.