డ్యూటీ మానకుండా చదువు

మా రోజుల్లో నర్సింగ్ డిప్లొమా (జీఎన్‌ఎం) పూర్తిచేసి ప్రభుత్వాసుపత్రిలో చేరితే ఇక చదువుకి దణ్ణం పెట్టినట్టే. డిగ్రీ కావాలంటే రెండేళ్లు కాలేజీలో కూర్చోవాలి. చంటిపిల్లలున్నవాళ్లకి, జీతం మీద ఇల్లు నడిచేవాళ్లకి అది అయ్యే పనేనా? 1994లో ఇగ్నో దూరవిద్యలో పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ పెట్టాక మాకు దారి దొరికింది. మూడేళ్ల కోర్సు, ఉద్యోగంలో ఉన్న నర్సులకే సీటు.

మా హెడ్ సిస్టర్ డ్యూటీ చార్టు పెన్సిల్‌తో వేసేది. ఆదివారం ఇగ్నో కౌన్సెలింగ్ క్లాసు ఎవరికుందో అడిగి, వాళ్లకి శనివారం నైట్ పడకుండా పేర్లు చెరిపి మళ్లీ రాసేది. "నువ్వెళ్లు తల్లీ, నేను చూసుకుంటాలే" అనేది. ఆవిడకేమో డిగ్రీ లేదు. నైట్‌లో మందులిచ్చాక వార్డు సద్దుమణిగితే అసైన్‌మెంటు ముందేసుకునేదాన్ని. పడకపుండ్ల మీద కేర్ ప్లాన్ రాస్తూ, మధ్యలో లేచి ఎదుటి మంచం మీది పెద్దాయన్ని పక్కకి తిప్పి, వీపు చూసి, పౌడరు రాసొచ్చి మిగతాది రాసేదాన్ని. చదువు ఒంటబట్టడమంటే అదీ.

ఇప్పుడు పాఠాలన్నీ ఫోన్లోనే దొరుకుతున్నాయి. తీరిక మాత్రం దొరకదు. పన్నెండు గంటల షిఫ్టు చేసొచ్చిన పిల్ల ఏం చదువుతుంది? పరీక్షకి సెలవడిగితే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టమంటారు. ఎమ్మెస్సీ నర్సింగ్‌కైతే మన దేశంలో పార్ట్‌టైమూ లేదు, దూరవిద్యా లేదు. చేరడానికి ఏడాది అనుభవం ఉండాలంటారు, తీరా చేరేటప్పుడు ఆ అనుభవమిచ్చిన ఉద్యోగాన్నే వదిలి రమ్మంటారు. ఇదేం న్యాయం? సుప్రీంకోర్టు మాట మీద వేసిన కమిటీ, చిన్న ప్రైవేటు ఆసుపత్రుల్లో కూడా నర్సుకి నెలకి 20,000 తగ్గకూడదని 2016లోనే చెప్పింది. ఆ మాత్రం కూడా అందని పిల్లలు మా వీధిలోనే ఉన్నారు. వాళ్లు జీతం మానుకుని ఫీజెక్కడ కడతారు?

అందుకే ఈ 'నాన్ అటెండింగ్' దరిద్రం వచ్చిపడింది. పేరు ఒక కాలేజీలో, మనిషి ఇంకో ఊళ్లో డ్యూటీలో. పరీక్షలకి మాత్రం వెళ్తారు. తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. రేపు వీళ్లేగా ట్యూటర్లై కొత్త పిల్లలకి ఇంజెక్షన్ పట్టుకోవడం నేర్పాల్సింది! ఆ పిల్లల్ని తిడతాను, తిట్టాలి కూడా. వాళ్లకంటే ముందు, సరైన దారి లేకుండా చేసిన పెద్దల్ని తిట్టాలి.

పని చేస్తూ పీజీ చదవడం కుదరదంటే నేనొప్పుకోను. ఇండియన్ నర్సింగ్ కౌన్సిలే క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సుని రెసిడెన్సీగా పెట్టింది. రెండేళ్లలో ఎక్కువ భాగం ఐసీయూలో పేషెంటు దగ్గరే గడుస్తుంది. ప్రసూతికి, పిల్లల వార్డుకి ఆ పద్ధతి ఎందుకు పనికిరాదు? అమెరికాలో మా మేనకోడలు ఉద్యోగం చేస్తూనే ఆన్‌లైన్లో మాస్టర్స్ చదువుతోంది. ఫీజులో కొంత ఆసుపత్రే కడుతుంది. యాజమాన్యం అలా చదువుకిచ్చే సాయం మీద ఏడాదికి 5,250 డాలర్ల వరకు అక్కడ పన్ను ఉండదు. క్లినికల్ గంటలు మాత్రం తను ఆసుపత్రికి స్వయంగా వెళ్లి చేయాల్సిందే, అందులో మినహాయింపు లేదు. ఉండకూడదు కూడా.

మన ఆసుపత్రులవాళ్లు ఫీజు సగం కట్టి, చదివినన్నాళ్లూ వారానికో రోజు వదిలిపెట్టమనండి. కోర్సయ్యాక రెండేళ్లు మా దగ్గరే చెయ్యమ్మా అని, ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో దాచుకోకుండా, మాట మీద అడగమనండి. మా పిల్లలు ఉంటారు.