బండి నీది, పెట్రోలు నీది, రేటు మాది

దేశంలో వ్యాపారవేత్తలు పుట్టడం లేదని ఎవరూ బెంగపెట్టుకోనక్కర్లేదు. అమీర్‌పేటలో రెడ్ సిగ్నల్ పడ్డప్పుడు చూడండి. వీపున సంచీ, హ్యాండిల్‌కు బిగించిన ఫోను, ఇంకెవరో రంగు ఖాయం చేసిన టీషర్టు. ఒక్కొక్కరూ ఒక్కో స్వతంత్ర వ్యాపార సంస్థ! 2020-21లో దేశంలో గిగ్ కార్మికులు 77 లక్షలనీ, 2029-30 నాటికి 2.35 కోట్లు అవుతారనీ నీతి ఆయోగ్ 2022లో లెక్కగట్టింది. వీళ్లకు తాము యజమానులం కామని కంపెనీలు ఎంతో వినయంగా చెబుతాయి. ఎవరి బాసు వారేనట. తాము ఉత్త యాప్ వాళ్లమట.

ఒప్పుకుందాం. కానీ స్వతంత్ర కాంట్రాక్టరు ఎలా ఉంటాడో మనమెరగమా? ఇంటికి రంగులేసే కాంట్రాక్టరును పిలవండి. గోడలు తట్టి చూసి రేటు తనే చెబుతాడు. బేరమాడితే "ఆ రేటుకి ఎవరొస్తారో చూసుకోండి సార్" అని బండి స్టార్ట్ చేస్తాడు. అడ్వాన్సు పుచ్చుకుని, మేనత్త కూతురి పెళ్లంటూ వారం మాయమవుతాడు. తిరిగొచ్చిన రోజు మనమే కాఫీ ఇచ్చి కూర్చోబెడతాం. స్వాతంత్ర్యం అంటే అదీ!

మనింటికి బిర్యానీ తెచ్చే కాంట్రాక్టరు గారి వైభవం వేరు. కిలోమీటరుకెంతో యాప్ చెబుతుంది. రాత్రికి రాత్రి రేటు కార్డు మారితే, పొద్దున లాగిన్ అయ్యాక తెలుస్తుంది. ఆయన ఏ దారిన వెళ్తున్నాడో, ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగాడో యాప్‌కి తెలుసు. తన ఐడీ ఎందుకు బ్లాక్ అయిందో మాత్రం ఆయనకే తెలియదు. పెట్రోలు, బండి వాయిదా, పంక్చరు, చలానా దగ్గరికి వచ్చేసరికి సంపూర్ణ స్వరాజ్యం. వాటిలో కంపెనీ పొరపాటున కూడా వేలు పెట్టదు.

ఇష్టమొచ్చినప్పుడు లాగౌట్ కావచ్చు కదా అంటారు. ఎందుకు కాకూడదు? ఇన్సెంటివ్‌కు ఇంకా రెండు ఆర్డర్లు తక్కువున్నప్పుడు, రాత్రి పదకొండింటికి లాగౌట్ అయ్యే హక్కు ఆయనకు పుష్కలంగా ఉంది. పొద్దుటి నుంచి ఊరించిన డబ్బు వదులుకునే హక్కు దానితోపాటు ఉచితం.

చట్టమూ ఈ భ్రమకు తనవంతు ముద్ర వేసింది. 2020 సామాజిక భద్రతా కోడ్ వీరిని సంప్రదాయ యజమాని-ఉద్యోగి సంబంధానికి వెలుపల సంపాదించుకునేవారిగా నిర్వచించింది. అది అమల్లోకి వచ్చింది 2025 నవంబరు 21న. పది నిమిషాల్లో పాలప్యాకెట్ వచ్చే దేశంలో చట్టం డెలివరీకి ఐదేళ్లు! దాని ప్రకారం కంపెనీలు టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం సామాజిక భద్రతా నిధికి ఇవ్వాలి. ఆ సొమ్ము కార్మికులకు చెల్లించే మొత్తంలో 5 శాతం మించనక్కర్లేదు. వేతనాల కోడ్ చెప్పే కనీస వేతనం మాత్రం వీరి గుమ్మం తొక్కదు. రేపటి ముసలితనానికి ఏదో పథకం రావచ్చు; ఇవాళ్టి కూలి గిట్టడం లేదని ఎవరిని అడగాలి? తన బాసు తనే కదా! ఇక రాష్ట్రాల సంగతి: గిగ్ కార్మికుల కోసం రాజస్థాన్ 2023లో, కర్ణాటక 2025లో చట్టాలు చేశాయి. తెలంగాణ 2025 ఏప్రిల్‌లో ముసాయిదా బిల్లు బయటపెట్టింది. నమోదు, నిధి, సంక్షేమం అన్నీ మంచివే. 'ఉద్యోగి' అనే మాట దగ్గరే అందరూ నాలుక కరుచుకున్నారు.

ఇక ఆఖరి బెదిరింపు: హక్కులిస్తే వ్యాపారం కూలిపోతుందని. 2021 ఫిబ్రవరి 19న బ్రిటన్ సుప్రీంకోర్టు ఊబర్ కేసులో కాగితం మీది రాతను పక్కనపెట్టి, రోడ్డు మీద జరిగేదాన్ని చూసింది. ఛార్జీ ఎవరు ఖాయం చేస్తున్నారు? షరతులు ఎవరివి? ట్రిప్పులు వద్దంటే శిక్షించేదెవరు? అన్నిటికీ జవాబు ఊబరే. అందుకే పూర్తి ఉద్యోగి హోదా కాకపోయినా, ఆ డ్రైవర్లు 'వర్కర్లే' అని తేల్చింది. నెల తిరగకుండానే 70 వేల మందికి పైగా డ్రైవర్లకు కనీస వేతనం, సెలవు జీతం, పింఛను ఇస్తామని ఊబర్ ప్రకటించింది. ఆ కంపెనీ కార్లు లండన్‌లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

సరే, లండన్ నీళ్లు మనకు పడవనుకుందాం. కంపెనీల మాటే వేదమనుకుందాం. అయితే యాప్‌లో ఒక్క బటన్ పెట్టండి, రేటు ఆయనే చెప్పేలా. జోరువాన, నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు: నూట యాభై, ఇష్టమైతే తెప్పించుకో. ఆ బటన్ పెట్టిన రోజున ఆయన్ని నోరారా కాంట్రాక్టరు గారూ అని పిలుద్దాం. పెట్టడానికి చేతులు రాకపోతే, పీఎఫ్ నంబరు ఇవ్వండి.