ఎయిర్‌పోర్టుకు అరగంట

హైదరాబాద్‌లో ముసలితనానికి మంచి రోడ్లున్నాయి. శంషాబాద్, మొయినాబాద్ వైపు ఔటర్ రింగ్ రోడ్డు మీద పోతూ వృద్ధాశ్రమాల హోర్డింగులు చదవండి: ఫిజియోథెరపీ, సాత్విక భోజనం, రాత్రీపగలూ నర్సు, ఎయిర్‌పోర్టుకు అరగంట. బాత్రూం దాకా పోవడానికే గోడ పట్టుకునే తల్లికి ఎయిర్‌పోర్టు ఎందుకని అడక్కండి. అది ఆవిడకు కాదు, డాలస్ నుంచి దిగే అబ్బాయికి. వచ్చి, ఓ ఫొటో దిగి, రాత్రి ఫ్లైటుకే తిరిగెళ్లిపోవచ్చు.

పిల్లలు వెళ్లిపోయిన ఇళ్లు పాలమూరులోనూ ఉన్నాయి. వాళ్లు బొంబాయి బస్సెక్కారు, మట్టిపనికి. తండాలో మిగిలింది ముసలమ్మ, ఆవిడకు అప్పగించిన మనవలు. అక్కడ హోమ్ పెడితే ఫీజెవరిస్తారు? ఆసరా పింఛను 2,016 రూపాయలు. ఎనభై నిండేదాకా ఢిల్లీ వాటా నెలకు 200. అలాగని ఢిల్లీకి దయ లేదనుకునేరు! ధార్మిక సంస్థల ఆశ్రమాల్లో నెలకు 25,000 దాకా ఫీజుకు 2018లోనే జీఎస్టీ మాఫీ చేసింది.

పల్లెల్లో ఉమ్మడి కుటుంబాలుంటాయి, అక్కడ వృద్ధాశ్రమమంటే మన సంస్కృతికే అవమానం అంటారు పెద్దమనుషులు. అంటే సంస్కృతి రింగ్ రోడ్డు దాటాకే మొదలవుతుందన్నమాట.

చట్టం లేదా అంటే ఉంది, 2007 నాటిది. దిక్కులేని వాళ్లు కనీసం 150 మంది పట్టేలా జిల్లాకు ఒక్క ఆశ్రమంతోనైనా మొదలుపెట్టుకోవచ్చని 19వ సెక్షన్‌లో ప్రభుత్వాలకు వెసులుబాటిచ్చింది. పెట్టి తీరాలని మాత్రం అనలేదు, పాపం, మొహమాటపడింది. ఈలోగా జిల్లాలే పిల్లల్ని పెట్టాయి. తెలంగాణలో 10 కాస్తా 33 అయ్యాయి, 2022లో ఆంధ్రలో 13 కాస్తా 26. కొత్త జిల్లా కేంద్రంలో ఆటో ఎక్కి కలెక్టరేట్ అనండి, తిన్నగా తీసుకెళ్తాడు. సర్కారు వృద్ధాశ్రమం అనండి, మీకేసి జాలిగా చూసి పెద్దాసుపత్రి ముందు దింపుతాడు.

కాబట్టి ఆశ్రమాలు అడగడం దండగ. విమానాశ్రయాలు అడగాలి, హోములు వాటి వెనకే వస్తాయి. ఉత్తరాంధ్ర ముసలివాళ్లకు భోగాపురం దక్కింది, అదృష్టవంతులు. నారాయణపేట వాళ్లు కూడా వెంటనే ఓ రన్‌వేకు దరఖాస్తు పెట్టుకోవాలి. అందులో కొడుకు ఉండే ఊరు అన్నచోట మాత్రం బొంబాయి పక్కన భివండీ అని రాయకండి, అక్కడే కొట్టేస్తారు.